మన షార్ట్ ఫిల్మ్‌కి ఏ రేటింగ్ రాయాలి, ఎవరి కోసం తీశామని రాయాలి?

మీరు గుంటూరులో మాస్ కమ్యూనికేషన్ చదువుతూ, ఫ్రెండ్స్‌తో కలిసి 22 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశారు. మీరు రాసిన ప్రకారం కథ ఇదీ. సత్తెనపల్లి వైపు మిర్చి రైతు కొడుకు విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీ హాస్టల్లో ఇంటర్ రెండో ఏడాది చదువుతుంటాడు. వీక్లీ టెస్టులో మార్కులు పడిపోతాయి. వార్డెన్ అందరి ముందూ తిడతాడు. ఆ రాత్రి కుర్రాడు ప్రాణం తీసుకోబోతే రూమ్మేట్ చూసి ఆపుతాడు. తెల్లారేసరికి నాన్న వస్తాడు.

ప్రాజెక్టు రికార్డులో ఏజ్ రేటింగ్, టార్గెట్ ఆడియన్స్ రాసి, కారణాలు కూడా చూపించమన్నారట. రేటింగ్ దగ్గర మీరు ‘యూఏ 12+ లేదా పీజీ-13’ అని పెట్టారు. ఆడియన్స్ దగ్గర ‘15 నుంచి 35 ఏళ్ళు, ఆడ మగ ఇద్దరూ, అన్ని వర్గాలు’ అని పెట్టారు. ఆత్మహత్య ప్రస్తావన ఉంది కాబట్టి ‘ఏ’ (పెద్దలకు మాత్రమే) వస్తుందని మీ గైడ్ గారు అన్నారు. యూట్యూబ్‌లో పెట్టేదానికి ఇవన్నీ ఎందుకు, ‘యూ’ (అందరూ చూడొచ్చు) అని రాసేయమని మీ ఫ్రెండ్ అన్నాడు. ఈ మూడింట్లో ఏది సరైనదని అడిగారు.

నా ఉద్దేశంలో మూడూ సరిపోవు. విజయవాడ గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో బుకింగ్ చూసి, ఆ తర్వాత చిన్న సినిమాలకు సెన్సార్ కాగితాల పని చేసినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మీ సినిమా కథ కూడా అలాంటిది, రెండు ముక్కల్లో తేల్చేసేది కాదు.

ముందు ఒక సంగతి. రికార్డులో ఆ రెండు గడులూ పక్కపక్కనే ఉన్నాయని రెండిటికీ ఒకటే జవాబు అనుకోకండి. ఎవరిని లోపలికి రానివ్వకూడదో, ఏ వయసు పిల్లల విషయంలో అమ్మానాన్నలు ముందే ఆలోచించుకోవాలో రేటింగ్ చెబుతుంది. ఎవరు చూస్తే మీరు తీసినందుకు ఫలితం ఉంటుందో వాళ్ళు టార్గెట్ ఆడియన్స్. భక్తి సినిమాకి ‘యూ’ వస్తుంది. అంతమాత్రాన అది ఐదేళ్ళ పిల్లల కోసం తీసింది కాదు కదా. అందుకే ఎవరి కోసమన్నది ముందు తేల్చుకోండి. ఆ మనిషికి ఏ రేటింగ్ అడ్డు రాకుండా ఉంటుందో తర్వాత చూడండి. చాలామంది స్టూడెంట్ టీమ్‌లు దీన్ని తిరగేసి చేస్తాయి. ఎడిట్ అంతా అయిపోయాక రేటింగ్ వెతుక్కుని, దాని పక్కనే ఒక వయసు పరిధి రాసేస్తారు.

ఇక రేటింగ్ సంగతి. మన దేశంలో థియేటర్లో జనానికి చూపించే సినిమాకి 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద కేంద్ర ఫిల్మ్ సర్టిఫికేషన్ బోర్డు సర్టిఫికెట్ ఇవ్వాలి. మొదట్లో ‘యూ’, ‘ఏ’ రెండే ఉండేవి. 1983లో ‘యూఏ’, ‘ఎస్’ కలిశాయి. ‘ఎస్’ అంటే డాక్టర్ల లాంటి ఒక ప్రత్యేక వర్గానికి మాత్రమే చూపించేది, మీకు దాంతో పని లేదు. చాలా ఏళ్ళు ‘యూఏ’ అంటే 12 ఏళ్ళలోపు పిల్లలకు పెద్దల సలహా అవసరం అన్న అర్థంలో నడిచింది. మీరు రాసిన 12 అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. 2023లో చట్టాన్ని సవరించి ‘యూఏ’ని మూడు ముక్కలు చేశారు: యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+. కొత్త నిబంధనలు 2024 మార్చిలో వచ్చాయి. కాబట్టి ‘యూఏ 12+’ అన్న గడి ఇప్పుడు లేదు. రికార్డులో అది అలాగే ఉంటే వైవాలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది.

‘పీజీ-13’ అమెరికా వాళ్ళది. 1984లో మొదలైంది. అక్కడ రేటింగ్ ఇచ్చేది ప్రభుత్వం కాదు, సినిమా పరిశ్రమ తానే పెట్టుకున్న వ్యవస్థ. బ్రిటన్‌లో 12ఏ, 15, 18 అని వేరే వరస. నెట్‌లో దొరికే మోడల్ ప్రాజెక్టులు ఎక్కువగా బ్రిటన్ విద్యార్థులవి కావడంతో, మన పిల్లలు వాటిని చూసి ‘15’ అని రాసేస్తుంటారు. పేరు మార్చేస్తే సరిపోతుందిలే అనుకోవద్దు, అసలు పనితీరే వేరు. బ్రిటన్ థియేటర్లో ‘15’ అంటే పద్నాలుగేళ్ళ పిల్లవాడిని అమ్మానాన్నలు వెంట ఉన్నా రానివ్వరు. మన యూఏ 16+ అలా ఎవరినీ ఆపదు. అది తల్లిదండ్రులకు ఇచ్చే సూచన, తీసుకెళ్ళాలా వద్దా అన్నది వాళ్ళ ఇష్టం. అమెరికాలో ‘ఆర్’ సినిమాకి పెద్దవాళ్ళు వెంట ఉంటే పదిహేడేళ్ళలోపు పిల్లలు వెళ్ళొచ్చు. మన ‘ఏ’కి అలా కుదరదు. పద్దెనిమిది నిండాల్సిందే.

ఈ ‘ఏ’ ఎలా పనిచేస్తుందో థియేటర్ గేటు దగ్గర నిలబడితే తెలుస్తుంది. ఒక ఆదివారం ఫస్ట్ షోకి ఊళ్ళో ఒక హాలు దగ్గర ఉన్నాను. సినిమా పోస్టర్ చూస్తే ఇంటిల్లిపాదీ చూసే కథలా ఉంది. కింద మూలన చిన్నగా ‘ఏ’. భార్యాభర్తలు, వాళ్ళ అమ్మ, పదేళ్ళ పిల్లాడు ఆటో దిగి టికెట్లు చేతిలో పట్టుకుని వచ్చారు. గేటు దగ్గర మనిషి పిల్లాడిని చూపించి కుదరదన్నాడు. ఆయన కాసేపు వాదించాడు. చివరికి పెద్దావిడ “పోనీలేరా, మీరిద్దరూ చూడండి, నేను వీణ్ణి తీసుకుని బయట కూర్చుంటా” అంది. వాళ్ళు వినలేదు, నలుగురూ వెనక్కి వెళ్ళిపోయారు. ఆ సినిమాలో ‘ఏ’ తెచ్చిపెట్టిన భాగం మహా అయితే రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు కథకు అవసరమే అయితే నిర్మాత ఆ నష్టం భరించాల్సిందే, నేను కాదనను. కానీ ఎవరు బయట ఉండిపోతారో తెలిసి తీసుకున్న నిర్ణయం అయి ఉండాలి. ఆ సినిమా వాళ్ళకి ఆ లెక్క లేదు.

మీ గైడ్ గారి మాట దగ్గరికి వస్తాను. ఆత్మహత్య అన్న విషయం కథలో ఉన్నంత మాత్రాన ‘ఏ’ రాదు. 1991లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు సినిమాని మొత్తంగా, దాని ప్రభావాన్ని బట్టి చూడమంటాయి. ఓటీటీల కోసం వచ్చిన 2021 ఐటీ రూల్స్ ఇంకా విడమరిచి చెప్పాయి. అక్కడ సంస్థలు తమ కంటెంట్‌కి తామే యూ, యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+, ఏ అని రేటింగ్ ఇచ్చుకోవాలి. ఇచ్చేటప్పుడు సందర్భం, ఇతివృత్తం, చెప్పిన తీరు, దాని ప్రభావం చూడాలి. ఆ రూల్స్‌కి జతచేసిన షెడ్యూల్లోనే ‘టార్గెట్ ఆడియన్స్’ కూడా ఉంది. ఎవరి కోసం తీశారు, వాళ్ళ మీద దాని ప్రభావం ఎలా ఉంటుంది అన్నదాన్ని బట్టి కూడా రేటింగ్ మారొచ్చని అందులో రాసి ఉంది. మీ రికార్డులో ఈ పాయింట్ తప్పకుండా పెట్టండి. రెండు గడులకూ ఉన్న సంబంధం అదే.

అదే షెడ్యూల్లో హింస, భాష, మత్తు పదార్థాలు, భయం లాంటి వాటితో పాటు, చూసినవాళ్ళు అనుకరించే ప్రమాదం ఉన్న ప్రవర్తన అని విడిగా ఒక అంశం ఉంది. మీ సినిమాకి గుండెకాయ అక్కడే ఉంది. మీరు పంపిన సీన్ల జాబితాలో పద్నాలుగో నిమిషం నుంచి దాదాపు నిమిషంన్నర పాటు కుర్రాడు ఏం చేయబోతున్నాడో, ఎలా చేయబోతున్నాడో ఒక్కొక్కటిగా చూపించారు. కెమెరా వస్తువుల మీదికి వెళ్తుంది, చేతుల మీదికి వెళ్తుంది. రేటింగ్ పెరిగేది దాంతోనే. పెరగడం అటుంచండి, అసలు అలా చూపించడమే తప్పని నా అభిప్రాయం. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సినిమా, నాటకాల వాళ్ళ కోసమే ఒక పుస్తకం తెచ్చింది. పద్ధతిని చూపించొద్దు, బయటపడిన మనిషిని చూపించండి, సాయం దొరుకుతుందని చూపించండి అన్నది దాని సారం. మీ కథలో ఆ రెండూ ఉన్నాయి, రూమ్మేట్ ఉన్నాడు, నాన్న ఉన్నాడు. నిమిషంన్నర మాత్రం వేరే దారిలో వెళ్ళిపోయింది.

ఆ నిమిషంన్నరని కోసేస్తే కథలో బిగువు పోతుందని మీ ఎడిటర్ భయపడుతున్నట్టు రాశారు. పోదు. మీ జాబితాలోనే ఒక మంచి షాట్ ఉంది. రూమ్మేట్ మెస్ నుంచి వాడి కోసం పెరుగన్నం బాక్సు పట్టుకొస్తాడు. కారిడార్లో నడుస్తాడు, తలుపు కొడతాడు, పలకడు, మళ్ళీ కొడతాడు. సీన్ అంతా కారిడార్లోనే ఉంచండి. తలుపు ఇవతల మనం రూమ్మేట్‌తోనే నిలబడతాం. బాక్సు కింద పెట్టి రెండు చేతులతో తలుపు బాదుతాడు. అంతే. లోపల ఏం జరుగుతోందో చూసేవాడికి అర్థమవుతుంది. ఎలా అన్నది తెలియాల్సిన అవసరం ఎవరికీ లేదు. తలుపు తెరుచుకున్నాక కుర్రాడు ప్రాణంతో కనిపిస్తే చాలు. ఇలా మారిస్తే, నా అంచనా ప్రకారం, మీ సినిమా యూఏ 16+ దగ్గర హాయిగా కూర్చుంటుంది. విషయం బరువైనది కాబట్టి 13+కి దించమని నేను చెప్పను. ఇప్పుడున్న ఎడిట్‌తో అయితే మీ గైడ్ గారి భయం నిజం కావొచ్చు. ‘ఏ’ పడితే పదహారు, పదిహేడేళ్ళ ఇంటర్ పిల్లలు చూడటానికి వీల్లేదు. ఇంటర్ పిల్లాడి కథని ఇంటర్ పిల్లలే చూడలేని పరిస్థితి వస్తుంది.

వార్డెన్ తిట్లు. రెండు పెద్ద బూతులు ఉన్నాయన్నారు. భాష కూడా రేటింగ్‌లో ఒక అంశమే కాబట్టి లెక్కలోకి వస్తుంది. వాటిని ఎందుకు తీసేయాలో మాత్రం కింద ఆడియన్స్ దగ్గర చెబుతాను, అసలు కారణం అక్కడుంది. టెర్రస్ మీద సీనియర్ సిగరెట్ తాగే షాట్ కథకి ఏమీ చేయడం లేదు, తీసేయండి. ఉంచితే పొగాకు హెచ్చరికల నిబంధనలు వస్తాయి. థియేటర్లో అయితే సినిమా మొదట్లో, మధ్యలో ఆరోగ్య హెచ్చరికలు, సిగరెట్ కనిపిస్తున్నంతసేపూ తెర కింద రాత. 2023 సెప్టెంబర్ నుంచి ఓటీటీలకూ అలాంటి నిబంధనే వర్తిస్తోంది. 22 నిమిషాల సినిమాకి నాలుగు సెకన్ల పొగ కోసం అంత అవసరమా?

మీ ఫ్రెండ్ మాట కూడా కొంతవరకు నిజమే. యూట్యూబ్‌లో పెట్టడానికి సెన్సార్ సర్టిఫికెట్ అడగరు. కాలేజీలో మీ క్లాసు ముందు వేసుకోవడానికీ అక్కర్లేదు. టికెట్ పెట్టి థియేటర్లో జనానికి వేస్తే మాత్రం కావాలి. అప్పుడు బోర్డు వాళ్ళ ఈ-సినీప్రమాణ్ పోర్టల్‌లో అప్లై చేయాలి. తెలుగు సినిమాలు ఎక్కువగా హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయానికి వెళ్తాయి. మీది 72 నిమిషాలలోపు కాబట్టి షార్ట్ ఫిల్మ్ కిందికే వస్తుంది.

అందుకని రికార్డులో ‘మా సినిమా రేటింగ్ యూఏ 16+’ అని సర్టిఫికెట్ వచ్చేసినట్టు రాయకండి. ‘సర్టిఫికేషన్‌కి పంపితే రావొచ్చని మా అంచనా’ అని రాయండి. కొందరు సినిమా మొదట్లో సెన్సార్ సర్టిఫికెట్ బొమ్మని ఫొటోషాప్‌లో తయారుచేసి అందం కోసం పెడతారు. దయచేసి ఆ పని చేయొద్దు. ప్రభుత్వ సర్టిఫికెట్‌ని సొంతంగా తయారు చేయడం సరదా వ్యవహారం కాదు.

యూట్యూబ్‌లో అప్‌లోడ్ చేసేటప్పుడు ఇది పిల్లల కోసం చేసిందా అని ఒక ప్రశ్న వస్తుంది. కాదు అని పెట్టండి. అక్కడ పిల్లలు అంటే చిన్నపిల్లలు, ఇంటర్ వాళ్ళు కాదు. అవును అని పెడితే కామెంట్లు కూడా ఆగిపోతాయి. పద్దెనిమిది ఏళ్ళ పరిమితి పెట్టాలా అని ఇంకో ఆప్షన్ ఉంటుంది. పెడితే లాగిన్ అవ్వనివాళ్ళకి వీడియో కనిపించదు. మీరు పెట్టకపోయినా, పాత ఎడిట్‌ని చూసి యూట్యూబే ఆ పరిమితి వేసే అవకాశం ఉంది. కారిడార్ వెర్షన్‌తో ఆ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

ఇక టార్గెట్ ఆడియన్స్. నేను ఎక్కువ చెప్పాలనుకున్నది ఇదే.

‘15 నుంచి 35, ఆడ మగ, అన్ని వర్గాలు’ అంటే ఎవరినీ ఎంచుకోలేదని అర్థం. గాంధీనగర్ ఆఫీసులో కొత్త సినిమా ఫొటో కార్డులు బల్ల మీద పెడితే మా ఓనర్ గారు మొదట అడిగేది, “ఇది ఎవరు చూస్తారు?” అందరూ చూస్తారండి అని నిర్మాత మనిషి అంటే ఆయన కార్డులు పక్కన పెట్టేసేవారు. ఎందుకంటే దాన్ని బట్టే అన్నీ మారతాయి. యూత్ సినిమా అయితే కాలేజీలున్న సెంటర్లలో మార్నింగ్ షోలు కావాలి. లేడీస్ వస్తారంటే మ్యాట్నీ ముఖ్యం, రెండో వారం దాకా హాలు పట్టుకుని ఉండాలి. మాస్ సినిమా అయితే మొదటి మూడు రోజులు బీ, సీ సెంటర్లు, అంటే చిన్న టౌన్లు, పల్లెల్లోని హాళ్ళన్నీ నింపాలి. మన దగ్గర కృష్ణా, గుంటూరు ట్రేడ్‌లో విడివిడి ఏరియాలు. గంట దూరంలో ఉన్న రెండు ఊళ్ళకి కూడా విడిగా లెక్క వేసి అమ్ముతారు. ‘అన్ని వర్గాలు’ అన్నమాట పోస్టర్ మీద రాసుకోవడానికి బాగుంటుంది, పని చేయడానికి పనికిరాదు.

మీ సినిమా ఎవరు చూస్తే ఫలితం ఉంటుంది? మీరు వెంటనే ఇంటర్ విద్యార్థులు అంటారు. సరే, వాళ్ళకి ఎలా చేరుస్తారు? రెసిడెన్షియల్ కాలేజీ హాస్టళ్ళలో పిల్లల దగ్గర ఫోన్లు ఉండనివ్వరు. పొద్దున స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా వాళ్ళకి యూట్యూబ్ లేదు. ఇంటికి ఫోన్ చేయాలన్నా లైన్లో నిలబడాలి. మీ హీరో కూడా అలాగే కదా, చెల్లెలితో రెండు నిమిషాలు మాట్లాడి పెట్టేస్తాడు. అంటే మీరు అనుకున్న మొదటి ప్రేక్షకుడికి మీ లింకు సెలవుల్లో తప్ప అందదు.

ఫోన్ ఎవరి దగ్గర ఉంది? నాన్న దగ్గర ఉంది. సత్తెనపల్లిలోనో తెనాలిలోనో నరసరావుపేటలోనో, నలభై నుంచి యాభై ఏళ్ళ మనిషి. పంట డబ్బులతోనో అప్పుతోనో ఫీజు కట్టాడు. కాలేజీ నుంచి వారం వారం మార్కుల మెసేజ్ వస్తుంది, అది చూసి ఆదివారం కొడుకుతో మాట్లాడేటప్పుడు మొదటి మాట “ఎన్నొచ్చాయి రా?” అంటాడు. ప్రేమ లేక కాదు, ఇంకేం అడగాలో తెలియక. అమ్మ పక్కన నిలబడి “తిన్నావా” అని అడగడానికి తన వంతు కోసం చూస్తుంటుంది. మీ కథలో చివరి ఆరు నిమిషాలు నాన్నవే. బస్సు దిగి, కండువాతో మొహం తుడుచుకుని, హాస్టల్ మెట్ల దగ్గర ఏం మాట్లాడాలో తెలియక నిలబడిపోతాడని మీరే రాశారు. ఆ సీన్ రాసినప్పుడే మీ ప్రేక్షకుడు ఎవరో మీకు తెలుసు. రికార్డు రాసేటప్పుడు మర్చిపోయారు.

కాబట్టి ప్రధాన ప్రేక్షకులు ఇంటర్ హాస్టల్లో పిల్లల్ని పెట్టిన, పెట్టబోతున్న తల్లిదండ్రులు అని రాయండి. ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెలు, చిన్న టౌన్లు. రెండో వరసలో ఆ పిల్లలే, సెలవుల్లో ఇంట్లో ఉన్నప్పుడు. మూడో వరసలో లెక్చరర్లు, వార్డెన్లు. మూడు వరసలు చాలు.

ఇలా తేల్చుకోగానే మీ సినిమాలో కొన్ని నిర్ణయాలు వాటంతట అవే తేలిపోతాయి. బూతుల సంగతి తర్వాత చెబుతానన్నాను కదా. ఆ నాన్న మీ సినిమాని ఫోన్లో, స్పీకర్ పెట్టి, ఇంట్లో అందరూ ఉండగా చూస్తాడు. నాలుగో నిమిషంలో ఆ మాట వినపడిందంటే ఠక్కున ఆపేస్తాడు. పక్కన కూతురు ఉంటుంది, అత్తగారు ఉంటుంది. ఇంకోసారి తెరవడు, బంధువుల వాట్సాప్ గ్రూపులో అసలు పెట్టడు. వాట్సాప్ గ్రూపులే మీకున్న థియేటర్లు. వార్డెన్ ఆ పిల్లాడి మార్కుల కాగితం అందరి ముందూ పైకెత్తి పట్టుకుని, “మీ నాన్న ఎన్ని క్వింటాళ్ళు అమ్మితే నీ ఫీజు రా?” అని నెమ్మదిగా అడిగితే బూతు కంటే లోతుగా తగులుతుంది. ఆ మాట నాన్నకీ తగులుతుంది.

నిడివి కూడా అంతే. ఫ్రెండ్స్ బ్యాచ్ సరదాలు మొదటి ఐదు నిమిషాలు ఉన్నాయన్నారు. యూత్ కోసమైతే అవి బాగుంటాయి. నాన్న కోసమైతే మొదటి నిమిషంలోనే ఇల్లు కనిపించాలి, కళ్ళంలో ఆరబోసిన మిర్చి, హాస్టల్‌కి సర్దుతున్న ట్రంకు పెట్టె కనిపించాలి. అప్పుడు ఇది మన కథే అనుకుంటాడు. సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులో పెట్టారు, ఫెస్టివల్స్ కోసం ఉంచండి. టైటిల్ కార్డు, యూట్యూబ్ పేరు మాత్రం తెలుగు లిపిలోనే ఉండాలి.

ఎప్పుడు విడుదల చేయాలి అన్నది కూడా రికార్డులో రాస్తే మార్కులు పడతాయి. నేనైతే ఇంటర్ ఫలితాల వారంలో వద్దంటాను. అప్పుడు ఇళ్ళల్లో ఉండే ఒత్తిడి వేరు, ఆ సమయంలో ఈ కథ బరువవుతుంది. మే నెల, జూన్ మొదట్లో పదో తరగతి అయినవాళ్ళని ఎక్కడ చేర్పించాలా అని తల్లిదండ్రులు తిరుగుతుంటారు. బెంజి సర్కిల్ చుట్టూ ర్యాంకుల హోర్డింగులు వెలిసేది అప్పుడే. మీ సినిమా వాళ్ళ చేతిలో ఉండాల్సింది కూడా అప్పుడే.

సినిమా చివర టెలీ-మానస్ నంబర్ 14416 వేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఎండ్ టైటిల్స్ పరుగెత్తేటప్పుడు మూలన వేస్తే ఎవరూ చూడరు. నల్ల తెర మీద పెద్ద అక్షరాలతో, చదివి రాసుకునేంతసేపు ఉంచండి. సినిమా మొదట్లో కూడా ‘ఆత్మహత్య ప్రస్తావన ఉంది’ అని ఒక లైను పెట్టండి. ఓటీటీల్లో రేటింగ్ పక్కన కంటెంట్ గురించి రెండు ముక్కలు రాస్తారే, అదే పద్ధతి.

చెల్లెలి పాత్ర వేసిన ఎనిమిదేళ్ళ పాప గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. బాల నటుల విషయంలో బాల కార్మిక చట్టం నిబంధనలు ఉన్నాయి. రోజుకి ఐదు గంటలు మించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలకు మించి పని చేయించకూడదు, కమర్షియల్ షూటింగులకి కలెక్టర్ అనుమతి తీసుకోవాలి. మీది కాలేజీ ప్రాజెక్టే అయినా, అమ్మానాన్నల అంగీకార పత్రం తీసుకుని రికార్డులో జతచేయండి. అన్నకి ఏం జరగబోయిందో ఆ సీన్లు ఆ పాపకి చూపించకండి. రీషూట్ రోజు తనని సెట్‌కి పిలవకండి.

కొత్త ఎడిట్ అయ్యాక ఫ్రెండ్స్‌కి చూపిస్తే బాగుందనే అంటారు. మీ బంధువుల్లోనో పక్కింట్లోనో హాస్టల్లో పిల్లలున్న ఐదారుగురు పెద్దవాళ్ళని కూర్చోబెట్టి చూపించండి. తెరని చూడకండి, వాళ్ళని చూడండి. ఎక్కడ ఫోన్ తీశారు, ఎక్కడ పక్కవాళ్ళ వైపు తిరిగారు, ఎక్కడ కదలకుండా ఉండిపోయారు అన్నది నిమిషాలతో సహా రాసుకోండి. అయ్యాక ఎలా ఉందని అడగొద్దు, మర్యాదకి బాగుందంటారు. “ఈ ఆదివారం మీ వాడు ఫోన్ చేస్తే మొదట ఏం అడుగుతారు?” అని అడగండి. ఆ జవాబులన్నీ రికార్డులో టార్గెట్ ఆడియన్స్ పేజీ కింద పెట్టండి. ఏ ఎగ్జామినరూ దాన్ని కాదనలేరు.

రాయడానికి మీకో నమూనా ఇస్తాను, మీ మాటల్లోకి మార్చుకోండి. “రేటింగ్ అంచనా: యూఏ 16+. కారణం: ఆత్మహత్యాయత్నం ప్రస్తావన, హాస్టల్లో అవమానించే సన్నివేశం. పద్ధతి చూపించలేదు, అసభ్య పదాలు లేవు, పొగాకు లేదు. సర్టిఫికేషన్‌కి పంపలేదు. ప్రధాన ప్రేక్షకులు: ఇంటర్ రెసిడెన్షియల్ విద్యార్థుల తల్లిదండ్రులు, 38 నుంచి 50 ఏళ్ళు, కృష్ణా, గుంటూరు ప్రాంత పల్లెలు, చిన్న పట్టణాలు. రెండో వరస: 16, 17 ఏళ్ళ విద్యార్థులు. ‘ఏ’ రేటింగ్ వస్తే ఈ రెండో వరస పూర్తిగా దూరమవుతుంది కాబట్టి పద్నాలుగో నిమిషం సన్నివేశాన్ని మార్చాం.” ఆ చివరి వాక్యం కింద పాత వెర్షన్, కొత్త వెర్షన్ షాట్ల జాబితా పక్కపక్కన పెట్టండి.

కారిడార్ సీన్ రీషూట్‌కి ఆ హాస్టల్ మళ్ళీ దొరక్కపోతే ఏదైనా పాత లాడ్జి కారిడార్ అడిగి చూడండి. ట్యూబ్‌లైటు ఒకటే వెలుగుతూ ఉండాలి, తలుపు చెక్కదై ఉండాలి, కొట్టినప్పుడు చప్పుడు రావాలి. ఆ చప్పుడు లొకేషన్‌లోనే రికార్డ్ చేసుకోండి.